సోమవారం దాకా

జ్ఞానాంబ ఉత్తరం కింద తేదీ వేసి సంతకం పెట్టబోతూ ఉంటే, బాలసుబ్రమణ్యం ఆమె చేతిలోని పెన్నును మెల్లగా తీసుకుని మూత బిగించాడు.

"శనివారం మీ అమ్మ సంవత్సరీకం. అది కానీ జ్ఞానా. ఏడు తిరక్కుండా మనింట్లో కొత్త కాగితాల మీద సంతకాలు వద్దు" అన్నాడు.

"కొత్తదేముంది నాయనా ఇందులో? వద్దని రాస్తా ఉండా."

"ఏదైనా సంతకమే గదా."

జ్ఞానాంబ బల్ల దగ్గర నుంచి లేవలేదు. ఆమె ముందు రెండు జాబులు పరిచి ఉన్నాయి. ఒకటి మద్రాసు నుంచి వచ్చింది. అక్కడ తాళపత్రాల గ్రంథాలయంలో పని చేస్తూ తెలుగులో పిహెచ్.డి. చేసుకోవచ్చునని, ఆగస్టు మొదటి తేదీకి వచ్చి చేరమని దాని సారాంశం. రెండోది తిరుపతి నుంచి, ఆచార్య జయరావు గారు స్వయంగా రాసింది. ఈ ఏడు ఆయన దగ్గర పరిశోధనకు ఒకే ఒక చోటు ఉంది. అది జ్ఞానాంబకు ఇచ్చారు. జూలై 18, శనివారం లోపల సమ్మతి తెలపకపోతే తరువాతి పేరుకు పోతుంది.

"నేను మద్రాసే పోతా నాయనా. తాటాకు పుస్తకాలుండేది ఆడ. తిరుపతి వద్దని నాలుగు ముక్కలు రాసి పంపిస్తే అయిపోతుంది."

"ముందు మద్రాసు వాళ్ళ మాట నిలబడనీ."

"మాట కాదు నాయనా, ముద్ర వేసి పంపినారు. కావాలంటే ఎదురువెలుతుర్లో పట్టుకుని చూడు."

అతనికి నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. జ్ఞానాంబ కాగితాన్ని మడిచి నిఘంటువు కింద పెట్టింది.

"సరే. ఇప్పుడు సంతకం పెట్టను. ఊరికే ఉంటే శనివారానికి అదే పోతుంది" అని వంటింట్లోకి వెళ్ళింది.

నిజానికి బాలసుబ్రమణ్యానికి ఇలాంటి పట్టింపులు ఉండేవి కావు. చిత్తూరు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాడు. వర్జ్యమని, రాహుకాలమని తోటి మాస్టర్లు జీతాల రిజిస్టరులో సంతకం పెట్టడానికి తటపటాయిస్తే ఎగతాళి చేసేవాడు. పట్టింపులన్నీ భార్య శకుంతలమ్మవి. ఆమె పోయిన తరువాత అవి అతనికి వచ్చాయి. ఈ ఏడాదిలో కొండ ఎక్కలేదు. ఒక పెళ్ళికి పోలేదు. ఆ ఫిబ్రవరిలో జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన డ్రిల్లు మాస్టరు వెంకటముని "ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే "ముగ్గురం" అన్నాడు. వెంకటముని తల వంచుకుని అట్లాగే రాసుకున్నాడు. వీధి మలుపు దాకా పోయిన అతన్ని వెనక్కి పిలిచి, "ఇద్దరం" అని దిద్దించాడు.

ఊరికే ఉండడం అతనికి మర్యాదగా తోచలేదు. జయరావు గారంతటి పెద్దమనిషి తన చేతితో రాసిన జాబుకు మాటా పలుకూ లేకుండా గడువు దాటిస్తే ఏమనుకుంటాడు? మద్రాసులో ఏదైనా అడ్డం వస్తే అప్పుడీ చోటు ఉంటుందా? బడికి పోయాక, మూడో పీరియడు ఖాళీలో కాగితం తీసుకుని కూర్చున్నాడు. రెండు చిత్తులు రాసి చించాడు. మూడోది అతనికి నచ్చింది.

"మా ఇంట శనివారం నా సహధర్మచారిణి సాంవత్సరిక కార్యం ఉన్నది. అది ముగియనిదే మా అమ్మాయి ఏ నిర్ణయమూ తెలుపలేని స్థితిలో ఉన్నది. సోమవారం నేనే తమ సన్నిధికి వచ్చి విన్నవించుకోగలను. అందాకా దయతో ఆ స్థానాన్ని నిలిపి ఉంచవలసినదిగా ప్రార్థన."

చదువుకుంటే ఎక్కడా ఒక మాట ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. తను కూడా సంతకం పెట్టకూడదు కాబట్టి కింద పేరు మాత్రం విడివిడి అక్షరాలతో రాశాడు. వెంకటముని రోజూ తిరుపతి నుంచి వచ్చి పోయేవాడు. సాయంత్రం అతని చేతికి కవరు ఇచ్చాడు.

"రేపు పొద్దున ఇచ్చేసే బస్సెక్కుతాలే సార్. ఏముంది ఇందులో, పాప సీటు గురించా?"

"ఊరికే. ఒక రెండు రోజులు గడువు."

ఆ సంగతి ఇంట్లో జ్ఞానాంబకు చెప్పలేదు.

*

శుక్రవారం పదకొండు గంటలకు అల్లాబక్ష్ బడికి వచ్చాడు. బజారు వీధిలో పుస్తకాలకు అట్టలు కట్టే పని అతనిది. బడి గ్రంథాలయంలో చినిగిపోయిన పుస్తకాలన్నీ ఏటా అతని దగ్గరికే పోతాయి. భుజం మీది మూటను బల్ల మీద దించి ముడి విప్పాడు. పద్దెనిమిది పుస్తకాలు, వెన్నుకు ఎర్ర గుడ్డ వేసి కట్టినవి.

బాలసుబ్రమణ్యం ఒక్కొక్కటే తీసి, వెన్ను వంచి చూసి, పుటల వరస తప్పలేదు కదా అని వేలితో తిప్పుతూ పోయాడు.

"ఏం అయ్యవారూ, పదేళ్ళ నుంచి కట్టి ఇస్తా ఉండాను. ఒక్క పుట తారుమారైందా? మా పిల్ల బాను పరీక్ష పేపర్లయినా ఇట్లా చూసినావో లేదో!"

"బాను పేపర్లలో చూసేదానికి ఏముండేది భాయ్? మార్కులు వేసేదే పని."

"అదీ మాట. ఈ జిగురు చూడు. మైదాలో మైలుతుత్తం కలిపి కాచినాను. పురుగు నోరు పెడితే దాని ఖర్మ" అన్నాడు అల్లాబక్ష్. జిగురు ఎండిన వేళ్ళను పంచెకు తుడుచుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

షహర్‌బాను పేరు వస్తే బాలసుబ్రమణ్యానికి మనసు తేటపడేది. తొమ్మిదో తరగతిలో ఆ పిల్ల రాసిన వ్యాసాన్ని స్టాఫు రూములో అందరికీ చదివి వినిపించాడు. పది కాగానే చదువు మానిపిస్తానన్న అల్లాబక్ష్ దగ్గరికి మూడుసార్లు పోయి కూర్చుని, కాలేజీలో చేర్పించింది తనే. తిరుపతిలో ఎం.ఏ. తెలుగు మొదటి తరగతిలో ప్యాసై ఏడాదిగా ఇంట్లోనే ఉంది.

"బాను ఏం చేస్తా ఉంది?"

"మంగళవారం పొద్దున మదనపల్లెకు పోతా ఉండాది అయ్యవారూ. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు పని వచ్చింది. మా మరదలు ఇల్లు ఆడే ఉండాది. సర్కారు పని గదా, కాదనేదానికి లేదు."

"పిహెచ్.డి. చేస్తాననేది గదా?"

అల్లాబక్ష్ బల్ల మీది పుస్తకాలను దొంతి సర్దాడు. సర్ది ఉన్న దొంతినే మళ్ళీ సర్దాడు.

"తిరపతిలో జయరావు సారు దగ్గర దీని పేరు రెండోదంట. ముందుండే పాప వద్దంటే దీనికి వస్తాది. రాకుంటే మదనపల్లె. ఏడాది చూసినాము, ఇంక ఎన్నాళ్ళని చూసేది? దూరాలకు పంపేది మా చేత కాదు. తిరపతి అయితే పొద్దున పోయి సాయంత్రం వచ్చేస్తాది." కాస్త ఆగి, "ముందు ఎవురో ఉండారంట" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

బాలసుబ్రమణ్యం చేతిలోని పుస్తకం మూశాడు. ముందు ఉన్నది ఎవరో అతనికి తెలుసు. రెండు మాటలు చాలు. 'మా జ్ఞానాంబే భాయ్, అది మద్రాసు పోతుంది, బానును మదనపల్లెకు పంపొద్దు.' అయినా ఇంకా కాని పనిని ముందే చెప్పడమెందుకనిపించింది. సోమవారం తనే తిరుపతి పోతాడు. జ్ఞానాంబ వద్దన్నదని చెప్పి, అక్కడికక్కడే బాను పేరు రాయిస్తాడు. ఆ కబురు పట్టుకుని సాయంత్రానికి బజారు వీధికి తనే వస్తాడు. అల్లాబక్ష్ ముఖం అప్పుడెట్లా ఉంటుందో కూడా ఊహించుకున్నాడు.

"మంచే జరుగుతుంది భాయ్" అన్నాడు.

అల్లాబక్ష్ ఇంకొంచెం సేపు కూర్చున్నాడు. తరువాత ఖాళీ గుడ్డను మడిచి భుజాన వేసుకుని, "వస్తా అయ్యవారూ. రేపు ఇంట్లో కార్యం గదా. నిదానంగా కానిచ్చుకో" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం గంట కొట్టాక బాలసుబ్రమణ్యం తంతి ఆఫీసు దాకా నడిచి వెళ్ళాడు. అతనికి స్థిమితంగా లేదు. ఫారం తీసుకుని జయరావు గారి చిరునామా రాశాడు. 'జ్ఞానాంబకు అక్కరలేదు. తరువాతి వారికి ఇవ్వగోరుతాను.' లెక్కపెడితే ఐదు మాటలే. ఫారం అడుగున పంపేవారి సంతకం అని ఉంది. అక్కడ కలం ఆగింది. మూడు వందల అరవై నాలుగు రోజులు నిలిపినది రేపటితో తీరిపోతుంది. ఒక్క రోజు కోసం ఎందుకు తప్పడం? ఎట్లాగూ సోమవారం దాకా గడువు అడిగే ఉన్నాడు. ఆ గడువు తన కూతురికి ఎట్లా పనికొస్తుందో బానుకూ అట్లాగే పనికొస్తుంది. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని బడికి తిరిగి వచ్చాడు.

*

శనివారం తెల్లవారేసరికి శకుంతలమ్మ అక్క వరదమ్మ వడమాలపేట నుంచి వచ్చింది. వచ్చీరాగానే కొంగు దోపుకుని వంటింట్లో చేరింది. అలసంద వడలు, చిత్రాన్నం, శకుంతలమ్మకు ఇష్టమని కాకరకాయ పులుసు. బాలసుబ్రమణ్యం తడిబట్టతో కూర్చుని పురోహితుడు చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాడు. పెరటి గోడ మీద విస్తరి పెట్టి, నీళ్ళు చల్లి దూరం జరిగాడు. కాకులు వెంటనే వచ్చాయి.

"చూడప్పా, ఒక్క పిలుపుకే వచ్చేసింది. బతికున్నప్పుడు నాలుగుసార్లు పిలిస్తే గానీ తినేదానికి రాదు గదా" అని వరదమ్మ కళ్ళు తుడుచుకుంది.

భోజనాలయ్యేసరికి మూడు దాటింది. వచ్చిన నలుగురూ వెళ్ళిపోయారు. వరదమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని తమలపాకులకు సున్నం రాస్తూ, "ఏమే జ్ఞానా, మద్రాసు పోతా ఉండావంటనే. తిరుపతి వాళ్ళకు చెప్పేసినావా?" అంది.

"యాడ పెద్దమ్మా! ఏడు తిరక్కుండా సంతకం పెట్టొద్దన్నాడు నాయన. ఇప్పటికి ఆ గడువూ అయిపోయింది. తరువాతి వాళ్ళకు పోయుంటుంది."

వరదమ్మ చేతిలోని ఆకు అట్లాగే ఉండిపోయింది. "వద్దని రాసేదానికి ఏటి పట్టింపు ఏందప్పా సుబ్రమణ్యం? తీసుకునేదానికి పట్టింపు గానీ, ఇడిచేదానికి యాడిది పట్టింపు?"

"శకుంతల ఉంటే ఒప్పుకునేది కాదు వదినా."

"బాగుండాదే! మా అమ్మ పోయిన ఏట్లోనే గదా అది మహిళా మండలిలో సెక్రటరీ పని వద్దని రాసిచ్చింది? మునెమ్మ ఆ పనికి కాసుకోనుండాది, నేను పట్టుకోని కూర్చుంటే దాని నోట్లో మన్ను కొట్టినట్టు గదా అని, పదోదినం కాకముందే రాసింది. కాగితం తీసుకుపోయి ఇచ్చొచ్చింది ఎవురనుకున్నావు? నువ్వే గదప్పా!"

అవును, తనే. సైకిలు మీద పోయి ఇచ్చి వచ్చాడు. ఆ రోజు ఆమె ఏమన్నదో గుర్తు తెచ్చుకోబోయాడు. కవరు చేతికిచ్చి, ఎండగా ఉంది, తలకు తువ్వాలు చుట్టుకుని పొమ్మంది.

"పోయిండదు" అన్నాడు.

"ఏంది నాయనా?"

"తరువాతి వాళ్ళకు పోయిండదు. నేను సోమవారం దాకా నిలిపి ఉంచమని జయరావు గారికి రాసినాను."

జ్ఞానాంబ లేచి నిలబడింది. "నన్ను అడక్కుండానా?"

అతను ఆ తరువాతి పేరు షహర్‌బానుదని కూడా చెప్పాడు. ఆమె లోపలికి పోయి, నిఘంటువు కింది కాగితాన్ని తీసి సంతకం పెట్టి, తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. అప్పటికి నాలుగు గంటలైంది. తిరుపతిలో ఆఫీసులు ఒంటిగంటకే మూసి ఉంటారు.

వరదమ్మ మాత్రం, "సోమవారం పోతావు గదా, చెప్తే ఇచ్చేస్తారులే. బెంగ పడొద్దు" అని ఆకు నమిలింది.

*

సోమవారం పదిన్నరకు బాలసుబ్రమణ్యం జయరావు గారి గదిలో ఉన్నాడు. కిటికీలో నుంచి కొండ కనిపిస్తోంది. జయరావు గారు పొట్టి మనిషి. బల్ల మీది పుస్తకాల వెనుక నుంచి లేచి వచ్చి, అతని రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టారు.

"కార్యం సక్రమంగా జరిగిందా మాస్టారూ?"

"జరిగిందండీ." అతను కూతురి కాగితాన్ని ముందు పెట్టాడు. "మా అమ్మాయి మద్రాసు పోతుంది. ఈ చోటు షహర్‌బానుకు ఇప్పించాలి. నా శిష్యురాలు. దానికన్నా యోగ్యులు మీకు దొరకరు."

జయరావు గారు కాగితాన్ని చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"శనివారం ఒంటిగంటకు పేర్ల పట్టిక పైకి పోయింది మాస్టారూ. ఖాళీగా పంపితే ఆ చోటే ఎత్తేస్తారు. రెండో పేరు రాద్దామంటే మీరు సోమవారం దాకా ఉంచమన్నారు. మీ ఉత్తరం చదివినాక కాదనడం నా చేత కాలేదు. జ్ఞానాంబ పేరే రాసి పంపినాను."

"పేరు మార్చరా?"

"కొట్టేస్తారు. ఇంకొకటి రాయరు."

"వచ్చే ఏడైనా?"

"వచ్చే ఏటికి నా సర్వీసు రెండేళ్ళు కూడా మిగలదు. కొత్తవాళ్ళను తీసుకునే వీలుండదు." ఆయన కళ్ళజోడును అటూ ఇటూ తిప్పారు. "ఆ అమ్మాయి తీసుకున్న విషయం కైఫీయతుల భాష. రెండు వందల ఏళ్ళ కిందట కరణాలు రాసిపెట్టిన ఊరి చరిత్రలు. అందులో సగం మాటలు ఉర్దూవి, ఫారసీవి. మావాళ్ళందరూ వాటి దగ్గర తడబడతారు. అవి మా ఇంట్లో రోజూ మాట్లాడే మాటలే సార్ అనేది ఆ అమ్మాయి. ఇక్కడ ఆ పని చేయించేవాళ్ళు ఇంకెవరూ లేరు."

బాలసుబ్రమణ్యం తన చేతుల వైపు చూసుకున్నాడు.

"గురువారం వచ్చింది" అన్నారు జయరావు గారు. "ముందున్నవాళ్ళ సంగతి తెలిసిందా అని అడిగింది. మీ ఉత్తరం అప్పుడే వచ్చి ఉంది, చూపించినాను. చేతిలోకి తీసుకుని చాలాసేపు చదివింది. ఒకసారి ఫోన్ చేయించి కనుక్కుందామా అన్నాను. వద్దు సార్, ఇది మా సార్ రాసింది. ఇంట్లో ఏడాది కార్యం. ఇట్లాంటప్పుడు అడక్కూడదు, కానివ్వండి అన్నది. అని పోయింది."

*

చిత్తూరులో బస్సు దిగేసరికి మూడున్నర. ఇంటికి పోకుండా నేరుగా బజారు వీధికి నడిచాడు. అల్లాబక్ష్ అంగడి ముందు గదిలో నేల మీద కూర్చుని ఒక చిట్టా పుస్తకానికి దారం కుడుతున్నాడు. అతన్ని చూసి సూదిని పుస్తకంలోనే గుచ్చి లేచాడు.

"రా అయ్యవారూ. బానూ, సార్ వచ్చినాడు, చాయ్ పెట్టు."

లోపలి గదిలో తాడు కట్టిన ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు కనిపిస్తున్నాయి. షహర్‌బాను చాయ్ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టి, గడప దగ్గర నిలబడింది. బాలసుబ్రమణ్యం జరిగినదంతా చెప్పాడు. మాటలు ఏరుకోకుండా చెప్పాడు. జ్ఞానాంబ మొదటి రోజే వద్దందని చెప్పాడు. తను రాయకుండా ఊరికే ఉండి ఉంటే శనివారం ఆ చోటు బానుకు వచ్చేదని కూడా చెప్పాడు.

"తప్పు నాది బానూ."

వీధిలో చెరకు బండ్లు పోతున్నాయి.

"అబ్బాజాన్ శుక్రవారం బడికి వచ్చింది మిమ్మల్ని అడిగేదానికే సార్" అంది షహర్‌బాను. "నేను వద్దంటిని. ఇంత కార్యం పెట్టుకుని ఉండారు, అడగొద్దంటిని. అయినా వచ్చినాడు. ఆడ మిమ్మల్ని చూసి అడగలేకపోయినాడంట."

"వదిలెయ్ అమ్మీ" అన్నాడు అల్లాబక్ష్.

"మీరే చెప్తారేమోనని కూర్చున్నాడంట సార్. చానాసేపు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"చెప్పి ఉండొచ్చు" అన్నాడు బాలసుబ్రమణ్యం. "చెప్పలేదు."

అల్లాబక్ష్ వంగి దారం కొన వెతుక్కున్నాడు. షహర్‌బాను లోపలికి వెళ్ళి, కుట్టిన నోటుపుస్తకం ఒకటి పట్టుకుని వచ్చింది. పుస్తకం నిండా ఆమె ఏడాదిగా ఎత్తి రాసుకున్న కైఫీయతులు ఉన్నాయి.

"జ్ఞానాంబ మద్రాసు పోతుంది గదా సార్. అక్కడ పాత రాతలన్నీ ఉంటాయంట. నా దగ్గరున్న ఒక ఊరి కైఫీయతులో మూడో పుట తరువాత లేదు. వీలైతే చూడమనండి. దొరికితే ఒక నకలు రాసి మదనపల్లెకు పంపమనండి."

"ఏ పుటో దానికి ఎట్లా తెలుస్తుంది?"

"మూడో పుట చివర ఏముందో చెప్తాను. రాసుకోండి సార్."

అతను జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె పుస్తకం తెరిచి చదవసాగింది. తరగతిలో పిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, అతని చేయి కదలడం ఆగేదాకా చూసి, తరువాతి మాట చెప్పింది.

"ఆ సంవత్సరం వానలు లేక... రయితులు యిండ్లు విడిచి వలసపోగా... గ్రామం పాడుబడి వుండె గనుక... సర్కారు వారు దయచేసి... కౌలు యిచ్చి పిలిపించగా... మరలా..."

బాలసుబ్రమణ్యం 'మరలా' అని రాసి, కలం ఎత్తి ఆగాడు.

"ఆ తరువాత?"

"అంతే సార్" అంది షహర్‌బాను. "అక్కడికే ఉండాది."